ఐదు ఎంబీల్లో పెద్దమనుషులు

మొదటి జవాబు రెండే వాక్యాలు. మీరు పంపిన ప్యాకేజీ ముప్పై ఒక్క ఎంబీ ఉంది. మా పరిమితి ఐదు ఎంబీ, తగ్గించి మళ్ళీ పంపండి. కంప్యూటర్లో హాయిగా చదువుకోదగ్గ ఆ రెండు వాక్యాలనీ ప్రిన్సిపాల్ కాశీవిశ్వనాథం గారు ప్రింటు తీయించారు, ఫైల్లో పెట్టించారు, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చదివారు. అంతా అయ్యాక ఎదురుగా నిలబడ్డ తాయారు వైపు తలెత్తారు.

“అక్కడ మనోళ్ళు ఎవరైనా ఉన్నారేటమ్మా?”

“ఎక్కడ సార్?”

“అదే, ఆ ఐదు ఎంబీలోళ్ళ దగ్గిర. మన జిల్లా కుర్రోళ్ళు లేని దేశముందేటి? ఎవడో ఒకడు ఉంటాడు. ఒక ఫోను కొట్టిస్తే సరిపోతాది.”

తాయారు నవ్వు ఆపుకుంది. భోగాపురం దాటాక హైవే పక్కనున్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె ఆరేళ్ళుగా స్టాటిస్టిక్స్ చెబుతోంది. అక్కడ పాఠం చెప్పడం సగం ఉద్యోగం, నవ్వు ఆపుకోవడం మిగతా సగం.

ఐదు ఎంబీలోళ్ళు అని ప్రిన్సిపాల్ గారు అన్నది ఒక రిపాజిటరీని. ఎక్కడెక్కడి శాస్త్రజ్ఞులో తాము రాసిన ప్రోగ్రాములను ప్యాకేజీలుగా కట్టి, అందరూ ఉచితంగా వాడుకోవడానికి పెట్టే చోటు అది. దాన్ని జీతం భత్యం లేకుండా కొద్దిమంది నడుపుతారు. వాళ్ళకు కాశీవిశ్వనాథం గారి బావమరిది తెలియదు, విజయనగరం కలెక్టరాఫీసు తెలియదు, ఛైర్మన్ గారి పలుకుబడి అసలే తెలియదు. ఇదంతా తాయారు ఓపిగ్గా చెప్పింది. ఆయన ఆమెను జాలిగా చూశారు.

“నీకు లోకం తెలీదమ్మా. రూలంటూ ఉంటే, దాని పక్కన తోవ కూడా ఉంటాది.”

ఆ తోవ వెతికారు కూడా. కాలేజీ లెటర్‌హెడ్ మీద, పైన ఛైర్మన్ గారి బొమ్మతో, కింద గుండ్రటి సీలుతో ఒక విన్నపం తయారైంది. వెనుకబడిన ప్రాంతంలోని మా సంస్థను ప్రత్యేకంగా పరిగణించి, ఐదు ఎంబీల నిబంధన నుంచి మినహాయింపు దయచేయ ప్రార్థన. దాన్ని స్కాన్ చేసి పంపితే మర్నాటికల్లా జవాబు వచ్చింది. పరిమితి అందరికీ ఒకటే. అది అలా ఉంచి, వరి ఆకుల ప్యాకేజీలో దీపం వెలిగిస్తున్న మనుషులెందుకు ఉన్నారు?

న్యాయమైన ప్రశ్న. ఆ కాలేజీలో అలాంటి ప్రశ్న అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది కాబట్టే అది సముద్రాలు దాటి రావలసి వచ్చింది.

తాయారు మేనమామ నరసింగరావుది నరసన్నపేట దగ్గర పల్లె. వరి పండిస్తాడు. రెండు ఖరీఫ్‌లు, సెలవు దొరికినప్పుడల్లా తాయారు ఆయన మడుల్లోకి దిగి ఆకుల ఫోటోలు తీసింది. అగ్గితెగులు మచ్చ, గోధుమ మచ్చ, ఎండాకు తెగులు, ఏ జబ్బూ లేని మంచి ఆకు. ఫోటో ఇస్తే ఏది ఏదో చెప్పే ప్రోగ్రాం రాసింది. పరిశోధన చేసేవాళ్ళు, మండలాల్లో తిరిగే వ్యవసాయ సిబ్బంది, ఎవరైనా దింపుకుని వాడుకోవచ్చు. చక్కగానే పనిచేస్తుంది గానీ దానికొక పిచ్చి ఉంది. ఆకు మీద మంచు తడి ఉండి, దాని మీద ఎండ పడిందంటే, ఆ మెరుపును మచ్చ అనుకుంటుంది. నవనవలాడే ఆకును పట్టుకుని అగ్గితెగులని బల్లగుద్ది చెబుతుంది. ఆ మాట నమ్మిన రైతు మంచి పైరు మీద మందు కొట్టేస్తాడు.

అందుకని తాయారు ఒక గైడు రాసింది. ఫోటో ఎలా తియ్యాలి, ఎలా తియ్యకూడదు, ప్రోగ్రాం చెప్పే ఏ జవాబును నమ్మకూడదు, అన్నీ ఆకుల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించింది. ప్రోగ్రాం రాయడం కన్నా ఆ గైడుకే ఆమెకు ఎక్కువ కాలం పట్టింది. ఒక్కొక్క బొమ్మనూ కత్తిరించి, కుదించి, మచ్చ అంచు చెదిరిందేమోనని కళ్ళు పొడుచుకుని చూసి, మళ్ళీ కుదించి, మొత్తాన్ని నాలుగు ఎంబీల లోపు ఇమిడ్చింది. ఆ గైడు లేకుండా ప్యాకేజీ గడప దాటకూడదన్నది ఆమె పట్టుదల.

నాలుగు ఎంబీలు ముప్పై ఒకటి కావడానికి కారణం కాశీవిశ్వనాథం గారి హస్తవాసి. కాలేజీకి తనిఖీ బృందం రాబోతోంది. అంతర్జాతీయం అనదగ్గది ఏదో ఒకటి చూపించాలి. అలాంటి సమయంలో ప్యాకేజీలో డాక్యుమెంటేషన్ అనే భాగం ఒకటి ఉంటుందని ఆయన చెవిన పడింది. డాక్యుమెంటేషన్ అనగానే ఆయన బుర్రకు తట్టింది వార్షికోత్సవం సావనీరు. సావనీరులో ఏముంటుంది? ముందు ఛైర్మన్ గారి సందేశం, ఫోటో. తర్వాత కరస్పాండెంట్ గారి సందేశం, ఫోటో. డైరెక్టర్ గారు, ప్రిన్సిపాల్ గారు, దీపం వెలిగించడం, శాలువా కప్పడం. చివర్న ఎక్కడో ఎవరూ చదవని వ్యాసాలు. ఆయన దీన్నీ అదే వరసలో నింపించి, తాయారుకు మాటమాత్రం చెప్పకుండా ఆఫీసు ఈమెయిల్ నుంచి పంపించేశారు. ఆ ఫోటోలు ఒక్కొక్కటీ హైవే మీద ఫ్లెక్సీ వేయించుకోవడానికి సరిపడేంత ఉన్నాయి.

తోవ దొరకలేదు కాబట్టి ఇక తగ్గించక తప్పదని తేలింది. ఎవర్ని తగ్గించాలన్నది ప్రిన్సిపాల్ స్థాయిలో తేలే విషయం కాదు. ఛైర్మన్ ధనరాజ్ గారి గదిలో సమావేశం పెట్టారు.

ధనరాజ్ గారిది వ్యాపార కుటుంబం. రైసు మిల్లు ముందు వచ్చింది, బట్టల కొట్లు తర్వాత వచ్చాయి, చదువుల మీద ప్రేమ చివర్న వచ్చింది. పక్కనే విమానాశ్రయం వస్తుందన్న కబురు పుట్టాక ఆయన కాలేజీ భవనం కన్నా దాని కిందనున్న నేలను ఎక్కువ ఆప్యాయంగా చూస్తున్నారు. ఆయన భార్య పార్వతీదేవి కరస్పాండెంట్. కొడుకు ప్రదీప్ డైరెక్టర్. మనవరాలు పింకీకి ఇంకా పదవేదీ ఇవ్వలేదు, ఆమె ఐదో తరగతి చదువుతోంది.

“ఐదు ఎంబీలంటే ఎంత?” అని అడిగారు ధనరాజ్.

“ఐదే సార్,” అన్నారు కాశీవిశ్వనాథం.

“అది కాదయ్యా, నాకు అర్థమయ్యేలాగ సెప్పు.”

ప్రిన్సిపాల్ గారు తాయారు వైపు చూశారు. “మీ ఫోనుతో తీసిన ఫోటోలు ఒకటో రెండో పడతాయండీ,” అంది తాయారు.

“రెండేటి! ఇంట్లో నలుగురం ఉన్నాం కదా!”

“ఫోటోలను బాగా చిన్నవి చెయ్యొచ్చండీ. తపాలా బిళ్ళంత చేస్తే అందరూ పడతారు, గైడూ పడుతుంది.”

కాశీవిశ్వనాథం గారు రెండు చేతులూ చెవులకు తాకించుకున్నారు. “ఛైర్మన్ గారిని తపాలా బిళ్ళంత సేస్తావా? తనిఖీకొచ్చినోళ్ళు సూస్తే ఏటనుకుంటారు? నువ్వు కూకోమ్మా.”

ఆ తర్వాత జరిగిన పంపకాన్ని తాయారు నోరు వెళ్ళబెట్టి చూసింది. ఆయనకు అందులో అనుభవం లేకపోలేదు. ఏటా ఛైర్మన్ గారి పుట్టినరోజుకు వేసే ఫ్లెక్సీలో ఎవరి తల ఎంత ఉండాలో, ఎవరి తల ఎవరి భుజం దగ్గర ఆగాలో నిర్ణయించేది ఆయనే. అదే లెక్క ఇక్కడా వేశారు. ఛైర్మన్ గారికి ఒకటిన్నర ఎంబీ. కరస్పాండెంట్ గారికి ఒకటి. డైరెక్టర్ గారికి ముప్పావు. దీపానికి అర. పింకీ నాట్యం ఫోటోకు అర. తనకు మాత్రం వినయంగా పావు రాసుకున్నారు.

“ఒకటేటి?” అన్నారు పార్వతీదేవి. “ఆ సీర జరీ అంచు కనపడాలంటే ఒకటి సరిపోతాదేటి? మసగ్గా వొస్తే కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే.”

“అమ్మకి ఒకటి, నాకు ముక్కాలా?” అన్నాడు ప్రదీప్. “డైరెక్టర్ని నేను. రోజూ కాలేజీకొచ్చేది నేను.”

“ఎప్పుడొచ్చినావు?” అన్నారు ధనరాజ్.

పావుగంట సేపు ఆ ఇంటి గొడవ విన్నాక దీపాన్ని ఆర్పేసి ఆ అర ఎంబీని జరీకి కలిపారు. పింకీలో సగం ప్రదీప్‌కు వెళ్ళింది. అందరి మొహాల్లోనూ ఎంతో కొంత శాంతి కనిపించాక కాశీవిశ్వనాథం గారు కాగితం తాయారు ముందుకు తోశారు.

“మిగిలిన దాంట్లో నీ ఆకులూ అవీ సర్దుకో.”

మిగిలింది అర ఎంబీ. ప్రోగ్రాం ఒక్కటే ఇంచుమించు అంత ఉంటుంది.

“గైడు పట్టదు సార్.”

“తీసెయ్యి.”

“అది తీసేస్తే ఈ ప్రోగ్రాం అబద్ధాలు చెబుతుంది సార్. ఎప్పుడు నమ్మకూడదో అందులోనే ఉంది. బొమ్మలు చూపించకపోతే తడి ఆకుకూ జబ్బు ఆకుకూ తేడా తెలీదు.”

“ఎవరు సదువుతారమ్మా?” ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి అడిగారు. “నా సర్వీసులో డాక్యుమెంటేషన్ సదివినోణ్ణి ఒక్కణ్ణి సూళ్ళేదు. ఫోటోలైతే అందరూ సూస్తారు. ఆకులెవులికి కావాలి?”

అది ఆయన అజ్ఞానమైతే తాయారు క్షమించేదేమో. కాని పక్కనే ఉన్న ఆయన గదిలో ముప్పై ఏళ్ళ సర్వీసు తాలూకు సన్మాన పత్రాలున్నాయి, పేరు ముందు డాక్టరు ఉంది. చదవకపోవడాన్ని ఆయన హోదాగా మార్చుకున్నారు. తాయారుకు ఒళ్ళు మండిపోయింది. వాదించింది, బతిమాలింది, చివరికి గొంతు పెంచింది. ధనరాజ్ గారు ఫోను తీసుకుని మిల్లు గుమస్తాతో మాట్లాడటం మొదలుపెట్టారు. అంటే సమావేశం అయిపోయిందని.

ఇక పేర్ల పని మిగిలింది. రచయితలు అన్నచోట ధనరాజ్, పార్వతీదేవి, ప్రదీప్, కాశీవిశ్వనాథం అని వరసగా రాయించారు ప్రిన్సిపాల్ గారు. వీళ్ళలో ఒక్కరికీ ఆ ప్రోగ్రాంలో ఒక్క లైను ఎటు నుంచి ఎటు చదవాలో తెలియదు. చివర్న ఇంకో గడి ఉంది. ప్యాకేజీ గురించి ఎవరు ఏం అడిగినా జవాబు చెప్పే మనిషి పేరు, ఈమెయిల్ అక్కడ రాయాలి. మొదటిసారి అందులో ఆఫీసు ఈమెయిల్ పెట్టించి, దీపం గురించిన ఆ ప్రశ్న తన మొహానే తగిలాక, ఆయనకు ఆ గడి మీద విరక్తి పుట్టింది.

“వొచ్చిన ఉత్తరాలకి జవాబులు రాయడమంటే గుమస్తా పని. ఆఖర్న నీ పేరు రాసుకోమ్మా. పోనీలే, నీ పేరూ ఉన్నట్టుంటాది.”

“సార్, ఆ గడి గురించి రూల్సులో ఉంది. ఒకసారి చదివి చెప్పండి, తర్వాత రాస్తాను.”

“రూల్సు సదివే తీరికే ఉంటే ప్రిన్సిపాల్ని ఎందుకవుతాను?”

తాయారు చెప్పవలసింది చెప్పింది. ఆ గడిలో ఉన్న మనిషి తప్ప ఇంకెవరూ ప్యాకేజీని మార్చడానికీ, తీసెయ్యడానికీ వీల్లేదని రూల్సు మొదటి పేజీలోనే ఉంది. ఆమె తన పేరూ, సొంత ఈమెయిలూ రాసి ఊరుకుంది.

ఈసారి ప్యాకేజీ నాలుగు ఎంబీల తొమ్మిది వందల చిల్లర కేబీ వచ్చింది. రిపాజిటరీ వాళ్ళు తీసుకున్నారు. మనుషులెందుకున్నారని మళ్ళీ అడగలేదు, లోకంలో రకరకాల పిచ్చివాళ్ళను చూసి అలవాటు పడ్డ జనం లాగున్నారు. వారం తిరక్కుండానే కాలేజీలో ఆవిష్కరణ సభ జరిగింది. కంప్యూటర్‌కు బంతిపూల దండ వేశారు. ధనరాజ్ గారు బొట్టు పెట్టిన మౌస్ నొక్కి, అప్పటికే అందరికీ అందుబాటులో ఉన్న ప్యాకేజీని ప్రపంచానికి అంకితం చేశారు. తనిఖీ బృందం వచ్చింది, తెర మీద ఫోటోలు చూసింది, చందువా చేపల వేపుడు బాగుందంది, సంతకాలు పెట్టి వెళ్ళింది. కాశీవిశ్వనాథం గారికి ఇంకో శాలువా కప్పారు. తాయారు చివరి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టకుండా చేతులు కట్టుకుంది.

దసరా వెళ్ళాక ఒక పొద్దున్న నరసింగరావు ఫోను చేశాడు.

“ఒసే తాయారూ, నీ మిసినీ మా మడికి అగ్గితెగులని సెప్తన్నాదే!”

“నా మిషనా? నీకెక్కడిది మావా?”

“మండలం నుంచి కుర్రోడొచ్చినాడే. పొద్దు పొడవగానే ఆకులు ఫోటో తీసుకున్నాడు, లాప్‌టాప్‌లో ఏసినాడు, మడంతా అగ్గితెగులేనన్నాడు. మందు కొట్టీమన్నాడు. ఊళ్ళో అందరికీ అలగే సెప్పినాడు. నీ పేరు కూడా సూపించినాడు, ఆఖర్న ఉన్నాది. మా మేనకోడలే అని గొప్పగా సెప్పుకున్నాను. కొట్టమంటావేటి?”

“మంచు మీద తీశాడా? ఆకు తుడిచాడా?”

“ఆకు తుడవడమేటే? ఎవులైనా ఆకు తుడుస్తారేటి?”

“మావా, కొట్టకు. ఎండెక్కనీ. ఆకు పొడిబట్టతో తుడిచి, గొడుగు నీడలో ఫోటో తీసి నాకు పంపు.”

మధ్యాహ్నం ఫోటోలు వచ్చాయి. మచ్చా లేదు, మరకా లేదు. నిక్షేపంలాంటి పైరు. మందు కొట్టొద్దని ఆమె మళ్ళీ చెప్పింది. పక్క మడుల వాళ్ళకూ చెప్పమంది. అప్పటికే ఇద్దరు కొట్టేశారని నరసింగరావు అన్నాడు. ఆయనకు అడగడానికి మేనకోడలు ఉంది. మేనకోడళ్ళు లేనివాళ్ళ మాటేమిటి? ఎక్కడో ఒడిశాలోనో, ఇంకెక్కడో మడిగట్టున నిలబడి, ఈ ప్యాకేజీ తెరిచి, ఎలా వాడాలో చూద్దామని వెతికిన మనిషికి ఏం కనిపిస్తుంది? పార్వతీదేవి గారి చీర. ఆ మనిషి అందులో ఏ జాగ్రత్త చదువుకోవాలి?

ఆ ఆలోచన వచ్చాక తాయారుకు తన మీద తనకే అసహ్యం వేసింది. చివరి గడిలో పేరు పెట్టుకుని, ఇన్నాళ్ళూ చేతులు కట్టుకుని కూర్చున్నదీ తనే కదా. పైగా చప్పట్లు కొట్టలేదన్న ఘనత ఒకటి.

ఆదివారం పొద్దున్న కాఫీ తాగి కూర్చుంది. ధనరాజ్ గారి ఒకటిన్నర ఎంబీ తీసేస్తే తడి ఆకు, పొడి ఆకు బొమ్మలన్నీ వాటి చోట్లలోకి వచ్చేశాయి. ప్రదీప్ పోయిన చోట ఎండలో, నీడలో తీసిన ఫోటోల తేడా చూపించే పేజీలు సరిపోయాయి. జరీ అంచు తీసేసరికి ఎంత చోటు మిగిలిందంటే, అంతకుముందు ఎన్నడూ తట్టని పని ఒకటి తట్టింది. గైడు మొత్తం ఇంగ్లీషులోనే ఉండేది. ఇప్పుడు తెలుగులో, అక్షరాలు పెద్దవి పెట్టి, ఒక పేజీ చేర్చింది. ఆకు తుడవండి, నీడలో పట్టండి, మంచు ఆరాక తియ్యండి, తియ్యకపోతే ఇది చెప్పే మాట నమ్మకండి. రచయితల వరసలో తన పేరు ఒక్కటే ఉంచింది. కాలేజీని అసలు తలవకపోవడం మర్యాద కాదు కాబట్టి, పనికి ఒక గది, కరెంటు ఇచ్చినందుకు కృతజ్ఞతలు అని ఒక లైను రాసింది. మొత్తం ఐదు ఎంబీల లోపే వచ్చింది. పంపేసింది. మండలం కుర్రాడికి ఫోను చేసి, పాతది తీసేసి కొత్తది వేసుకోమని, ముందు మొదటి పేజీ చదవమని నరసింగరావు చేత చెప్పించింది.

కాలేజీలో ఎవరికీ తెలియలేదు. తెలియాలంటే ఎవరో ఒకరు తెరిచి చూడాలి. తనిఖీ అయిపోయాక ఆ ప్యాకేజీతో వాళ్ళకు పనేముంది? సంక్రాంతి కూడా దాటిపోయింది. మాఘమాసంలో బొబ్బిలిలో ఎవరిదో నిశ్చితార్థానికి వెళ్ళిన ధనరాజ్ గారు, భోజనాల దగ్గర పక్కనున్న పెద్దమనిషితో తన ఫోటో ప్రపంచమంతా చూస్తోందని చెప్పి, రుజువు చూపిద్దామని ఫోనులో ఆ ప్యాకేజీ తెరిచారు. ఆకు వచ్చింది. వేలితో తోశారు. ఇంకో ఆకు వచ్చింది. ఎంత తోసినా ఆకులే వచ్చాయి. ఆ పెద్దమనిషి మర్యాదకు, “బాగున్నాయండీ ఆకులు,” అన్నాడట.

మర్నాడు అదే గదిలో అదే మనుషులు కూర్చున్నారు. ఈసారి తాయారును ఎవరూ కూర్చోమనలేదు.

“మేమంతా ఏమైపోయినాం?” అన్నారు ధనరాజ్.

“తీసేశానండీ.”

“ఎవుల్నడిగి తీసినావు?”

“చోటు చాలలేదండీ.”

“నా సీర తీసేసి గడ్డి పెట్టినావా?” అన్నారు పార్వతీదేవి.

“గడ్డి కాదండీ, వరి. మీరు మిల్లులో ఆడించేది అదే.”

కాశీవిశ్వనాథం గారు ఒంటికాలి మీద లేచారు. క్రమశిక్షణ అన్నారు, సంస్థ గౌరవం అన్నారు, తిన్నింటి వాసాలు అన్నారు. తాయారు అంతా విని, ఆయన ఊపిరి తీసుకునే సమయం చూసి మాట్లాడింది. ఇన్నేళ్ళుగా ఆ గదిలో జాగ్రత్తగా వాడుతూ వచ్చిన పుస్తకాల భాష ఎటు పోయిందో పోయింది.

“మా ఊళ్ళో మంచి పైరు మీద మందు కొట్టించినాది సార్ మీ సావనీరు. మీ మొకాలు సూసి మంచుకీ మచ్చకీ తేడా తెలుసుకోడం ఎలాగో సెప్పండి, ఇప్పుడే మళ్ళీ ఎట్టేస్తాను. ఛైర్మన్ గారి ఫోటో సూస్తే ఏటి తెలుస్తాది? ఆయన ఛైర్మన్ అని తెలుస్తాది. అది సేలో ఉన్నోడికి ఎందుకు సార్?”

ప్రదీప్ ఫక్కున నవ్వి, తల్లి చూపు తగిలి దగ్గుగా మార్చుకున్నాడు.

“ఈ క్షణం పాతదాన్ని మళ్ళీ పెట్టు,” అన్నారు కాశీవిశ్వనాథం.

“పెట్టను సార్.”

“నువ్వు పెట్టకపోతే నేను పెట్టిస్తాను.”

“మీవల్ల కాదు సార్. ఆఖరి గడిలో ఉన్న మనిషి తప్ప ఇంకెవరూ పెట్టకూడదు. అప్పుడే చదవమన్నాను.”

ధనరాజ్ గారు మెల్లగా తల తిప్పి ప్రిన్సిపాల్ గారిని చూశారు. మిల్లులో తూకం తేడా వచ్చినప్పుడు చూసే చూపు అది. “ఆ గడిలో నా పేరు ఎందుకు లేదయ్యా?”

కాశీవిశ్వనాథం గారు రుమాలు వెతుక్కున్నారు. ఆయన మొహాన చెమట చూసి తాయారుకు ఎంత తృప్తి కలిగిందంటే, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు. అలాంటి మనుషులకు చెమట పట్టిస్తే ఏమవుతుందో ఆమెకు తెలియక కాదు. సాయంత్రం నాలుగింటికి ఆమెను ఉద్యోగంలోంచి తీసేసిన కాగితం చేతికొచ్చింది. కారణం, సంస్థ డాక్యుమెంటేషన్‌ను నిర్లక్ష్యం చేయడం. ఆటోలో విజయనగరం దాకా ఆమె తల తిప్పుకుని కూర్చుంది, ఏడుస్తున్నట్టు పక్కవాళ్ళకు తెలియకూడదని. కాలేజీ పోయినందుకు కాదు, ఆ కాగితంలో ఆ మాట వాడినందుకు.

కాశీవిశ్వనాథం గారు అంతటితో ఊరుకోలేదు. ఛైర్మన్ గారి ముందు పోయిన పరువు కొంతైనా రాబట్టుకోవాలి. రిపాజిటరీకి రెండు పేజీల ఫిర్యాదు రాశారు. ఒక క్రమశిక్షణ లేని మాజీ ఉద్యోగిని మా సంస్థ పెద్దల ఫోటోలను దురుద్దేశంతో తొలగించింది, ఆమెను వెంటనే తప్పించి ఫోటోలను యథాస్థానంలో ప్రతిష్ఠించ ప్రార్థన. కింద సీలు, సంతకం, డాక్టరుతో సహా పేరు.

అక్కడివాళ్ళ పద్ధతి ఒకటే. ప్యాకేజీ మీద ఎవరు ఏ ఫిర్యాదు చేసినా, చదివి, జవాబు చెప్పవలసిన మనిషికి పంపేస్తారు. నాలుగో రోజు ఆ ఫిర్యాదు తాయారు ఈమెయిల్‌కు వచ్చింది. పైన ఒక్క లైను ఉంది. దయచేసి వీరికి తగిన జవాబు ఇవ్వండి.

తాయారు దాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి పైకి చదివి, ఒంటరిగా, ఇల్లు అదిరేలా నవ్వింది. ఆరేళ్ళు ఆపుకున్న నవ్వు అది. నవ్వడం అయ్యాక మొహం కడుక్కుని వచ్చి, గుమస్తా పనిలో కూర్చుంది. ఆమె రాసిన జవాబు ఇది.

‘అయ్యా, మీ ఫిర్యాదు అందింది. తమరు తిరిగి పెట్టమన్న ఫోటోలను మళ్ళీ పరిశీలించాను. వాటిలో ఏ తెగులు లక్షణాలూ గుర్తించడానికి వీలు పడటం లేదు. ఆరోగ్యమైన ఆకుకు నమూనాగా కూడా అవి పనికిరావు. ఈ ప్యాకేజీ ఉచితం కాబట్టి, తమరు దీన్ని కాపీ చేసుకుని, తమ ఫోటోలతో వేరే పేరు మీద పెట్టుకోవడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే అది ఏం చేస్తుందో ఒక వాక్యంలో రాసి ఇవ్వమని రిపాజిటరీ వారు అడుగుతారు. ఆ వాక్యం తమరే రాయవలసి ఉంటుంది. ఇట్లు, తాయారు.’